రోజర్ నీడమ్

రోజర్ మైకేల్ నీడమ్ (ఫిబ్రవరి 9, 1935 - మార్చి 1, 2003) ఇంగ్లండుకు చెందిన ప్రముఖ కంప్యూటరు శాస్త్రవేత్త. ఒకదానినొకటి ఎన్నడూ చూడని రెండు యంత్రాలు పరస్పరం గుర్తించుకొని, నమ్మకంతో సంభాషించుకోవడం ఎలా అన్న ప్రశ్నకు తొలి స్పష్టమైన సమాధానాలలో ఒకటి ఇచ్చిన వ్యక్తిగా ఇతడు ప్రసిద్ధుడు. 1978లో మైకేల్ ష్రోడర్‌తో కలిసి ఇతడు ప్రచురించిన పద్ధతి నీడమ్-ష్రోడర్ ప్రోటోకాల్ అన్న పేరుతో ప్రపంచవ్యాప్తంగా పాఠ్యపుస్తకాలకెక్కింది. దాని ఆధారంగా రూపొందిన కెర్బెరాస్ వ్యవస్థ నేటికీ వేలాది కార్యాలయాలలో పనిచేస్తోంది. హైదరాబాదులోని హైటెక్ సిటీ, గచ్చిబౌలి, మాదాపూర్ ప్రాంతాల సాఫ్ట్‌వేర్ సంస్థలలో ఉద్యోగులు ఉదయం ఒక్కసారి సంకేతపదం ఇచ్చి, ఆ రోజంతా అనేక సర్వర్లను వాడుకోగలగడం వెనుక ఉన్న ఆలోచనకు మూలం ఈ పరిశోధనలోనే ఉంది.

నీడమ్ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు కంప్యూటరు ప్రయోగశాలకు 1980 నుండి 1995 వరకు అధిపతిగా ఉన్నాడు. 1997లో మైక్రోసాఫ్ట్ సంస్థ అమెరికా వెలుపల నెలకొల్పిన తన మొదటి పరిశోధనా కేంద్రానికి వ్యవస్థాపక సంచాలకుడయ్యాడు.

బాల్యం, విద్యాభ్యాసం

నీడమ్ 1935 ఫిబ్రవరి 9న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో జన్మించాడు. డాన్‌కాస్టర్ పట్టణంలోని గ్రామర్ పాఠశాలలో చదివాడు. 1953లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరి గణితశాస్త్రం, తత్త్వశాస్త్రం అభ్యసించి 1956లో పట్టభద్రుడయ్యాడు. ఆ తరువాత అతడి జీవితమంతా కేంబ్రిడ్జితోనే ముడిపడిపోయింది.

గణితమూ తత్త్వమూ కలిసిన ఈ చదువు అతడి తరువాతి పరిశోధనపై గట్టి ప్రభావం చూపింది. ఒక వాక్యానికి అర్థమేమిటి, దానిని విన్నవాడు దేనిని నమ్మడానికి అర్హుడు అన్నవి తత్త్వశాస్త్రపు ప్రశ్నలు. యంత్రాలు ఒకదానికొకటి పంపుకొనే సందేశాల విషయంలో నీడమ్ దాదాపు ముప్పై ఏళ్ళ తరువాత ఇవే ప్రశ్నలను అడిగాడు.

పట్టభద్రుడైన పిమ్మట మార్గరెట్ మాస్టర్మన్ నడిపిన కేంబ్రిడ్జి భాషా పరిశోధనా విభాగంలో పనిచేశాడు. యంత్రానువాదం, పత్రాల వర్గీకరణ వంటి విషయాలపై అక్కడ పరిశోధనలు జరిగేవి. కంప్యూటరు సాయంతో పత్రాలను తమంతతాముగా వర్గీకరించి వెదకి తీయడం అన్న అంశంపై నీడమ్ రాసిన సిద్ధాంత గ్రంథానికి 1961లో డాక్టరేటు లభించింది.

వివాహం

భాషా పరిశోధనా విభాగంలోనే అతడికి కరెన్ స్పార్క్ జోన్స్ పరిచయమైంది. 1958లో వారి వివాహం జరిగింది. కరెన్ స్పార్క్ జోన్స్ (1935-2007) స్వయంగా గొప్ప శాస్త్రవేత్త. ఒక పదం ఎంత తక్కువ పత్రాలలో కనబడితే వెదుకులాటలో ఆ పదానికి అంత ఎక్కువ విలువ ఇవ్వాలన్న సూత్రాన్ని ఆమె 1972లో ప్రతిపాదించింది. అంతర్జాలంలోని వెదుకు యంత్రాలకు ఈ సూత్రం పునాదులలో ఒకటి. భర్త యంత్రాల మధ్య నమ్మకం గురించి, భార్య పదాల విలువ గురించి ఒకే విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు పరిశోధనలు సాగించారు. ఈ దంపతులు తమ ఇంటిని చాలావరకు తామే స్వయంగా కట్టుకున్నారు. ఇద్దరికీ తెరచాప పడవ నడపడమంటే మక్కువ.

టైటన్ కంప్యూటరు - సంకేతపదాల రక్షణ

నీడమ్ 1962లో కేంబ్రిడ్జి కంప్యూటరు ప్రయోగశాలలో చేరాడు. అప్పుడు దానికి అధిపతి మారిస్ విల్క్స్. 1949లో ఎడ్సాక్ కంప్యూటరును పనిచేయించిన శాస్త్రవేత్త ఆయనే. 1960లలో ఆ ప్రయోగశాల ఫెరాంటి సంస్థతో కలిసి టైటన్ అనే పెద్ద కంప్యూటరును రూపొందించింది. అనేకమంది వాడుకరులు వేరువేరు టెర్మినళ్ళ ముందు కూర్చొని, ఒకే యంత్రాన్ని ఒకేసారి వాడుకొనే కాలవిభజన పద్ధతిని దానిపై అమలు చేశారు.

ఒకే యంత్రాన్ని పదిమంది పంచుకొనేటప్పుడు ఎవరి దస్త్రాలు వారివే అన్న హామీ ఉండాలి. అందుకు ప్రతి వాడుకరికి ఒక సంకేతపదం ఇచ్చేవారు. అయితే ఆ సంకేతపదాల జాబితా యంత్రంలోనే ఒక చోట ఉండేది. ఆ జాబితా ఎవరి చేతికైనా చిక్కితే అందరి రహస్యాలూ ఒక్కసారిగా బయటపడినట్లే.

ఈ చిక్కుకు నీడమ్ సుమారు 1966-67లో ఒక సులువైన పరిష్కారం కనుగొన్నాడు. యంత్రంలో సంకేతపదాన్ని దాచనే కూడదు. దానిని ఏకదిశా ప్రమేయం అనే గణిత ప్రక్రియకు లోను చేసి, వచ్చిన ఫలితాన్ని మాత్రమే దాచాలి. బియ్యాన్ని పిండి పట్టించడం తేలిక, పిండి నుండి తిరిగి బియ్యపు గింజలను తేవడం అసాధ్యం. ఈ ప్రక్రియ కూడా అటువంటిదే. వాడుకరి తన సంకేతపదం ఇచ్చినపుడు యంత్రం దానిని మళ్ళీ అదే ప్రక్రియకు లోనుచేసి, ఫలితం దాచిన దానితో సరిపోయిందో లేదో చూస్తుంది. జాబితా దొంగచేతిలో పడినా అందులో అసలు సంకేతపదాలు ఉండవు. విల్క్స్ 1968లో కాలవిభజన వ్యవస్థలపై ప్రచురించిన పుస్తకంలో ఈ ఆలోచన నీడమ్‌దేనని పేర్కొన్నాడు. మరికొన్ని జాగ్రత్తలు చేరినప్పటికీ, సంకేతపదాలను దాచే పద్ధతికి ఇదే నేటికీ మూలసూత్రం.

క్యాప్ కంప్యూటరు - కేంబ్రిడ్జి రింగ్

1970లలో నీడమ్, విల్క్స్, వారి సహచరులు క్యాప్ అనే ప్రయోగాత్మక కంప్యూటరును నిర్మించారు. ఇందులో ప్రతి ప్రోగ్రాముకు అది వాడుకోదగిన జ్ఞాపక భాగాలకు మాత్రమే అనుమతిపత్రాల వంటివి ఉంటాయి. అనుమతి లేని భాగాన్ని ముట్టుకోబోతే యంత్రపు భౌతిక నిర్మాణమే దానిని అడ్డుకుంటుంది. ఒక ప్రోగ్రాముకు తన పనికి అవసరమైనంత అధికారం తప్ప అంతకు మించి ఇవ్వరాదన్నది ఇందులోని సూత్రం.

అదే దశకంలో ఆ ప్రయోగశాలలో కేంబ్రిడ్జి రింగ్ అనే స్థానిక నెట్‌వర్కు కూడా రూపుదిద్దుకుంది. ఒక పెద్ద యంత్రాన్ని అందరూ పంచుకొనే రోజులు పోయి, అనేక చిన్న యంత్రాలు తీగలతో కలిసి పనిచేసే రోజులు వస్తున్నాయని నీడమ్ ముందే గ్రహించాడు. ఆ అనుభవాన్ని ఆండ్రూ హెర్బర్ట్‌తో కలిసి 1982లో ఒక గ్రంథంగా వెలువరించాడు.

ఒకే యంత్రం ఉన్నంతకాలం రక్షణ బాధ్యత ఆ యంత్రానిదే. అనేక యంత్రాలు ఒకే తీగపై ఉన్నపుడు, తీగపై వచ్చిన సందేశం నిజంగా ఎవరినుండి వచ్చిందో చెప్పగలిగే వారెవరు? ఈ ప్రశ్నే నీడమ్‌ను అతడి అత్యంత ప్రసిద్ధమైన కృషివైపు నడిపించింది.

నీడమ్-ష్రోడర్ ప్రోటోకాల్

నీడమ్ వేసవి కాలాలలో కాలిఫోర్నియాలోని జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధనా కేంద్రానికి వెళ్ళి పనిచేసేవాడు. అక్కడ మైకేల్ ష్రోడర్‌తో కలిసి రాసిన పత్రం 1978 డిసెంబరులో అమెరికాలోని కంప్యూటరు నిపుణుల సంఘపు పత్రికలో వెలువడింది. గూఢలిపిని ఉపయోగించి పెద్ద నెట్‌వర్కులలో యంత్రాలు ఒకదానినొకటి ధ్రువీకరించుకోవడమెలా అన్నది దాని విషయం.

ఈ పత్రంలోని ప్రధానమైన ఆలోచన తెలుగువారికి కొత్తది కాదు. పెళ్ళి సంబంధం మాట్లాడుకొనే రెండు కుటుంబాలకు ముందుగా పరిచయం లేకపోతే, ఇరువైపులవారికీ తెలిసిన పెద్దమనిషి ఒకరు మధ్యన ఉండి హామీ ఇస్తారు. నీడమ్, ష్రోడర్ ప్రతిపాదించిన వ్యవస్థలో కూడా నెట్‌వర్కులోని యంత్రాలన్నిటికీ తెలిసిన ఒక మధ్యవర్తి సర్వరు ఉంటుంది. ప్రతి యంత్రానికీ ఆ మధ్యవర్తికీ మధ్య వారిద్దరికి మాత్రమే తెలిసిన ఒక రహస్య తాళపుచెవి ఉంటుంది. యంత్రాలలో ఏ రెండింటికీ నేరుగా ఉమ్మడి రహస్యం ఉండనవసరం లేదు.

"క" అనే యంత్రం "చ" అనే యంత్రంతో మాట్లాడదలచిందనుకుందాం. అప్పుడు జరిగే క్రమం ఇది.

మొదట "క" తన పేరు, "చ" పేరు, తాను అప్పటికప్పుడు ఎంచుకొన్న ఒక సంఖ్యను మధ్యవర్తికి పంపుతుంది. ఒకసారి మాత్రమే వాడే ఈ సంఖ్యను నాన్స్ అంటారు.

రెండవ అంచెలో మధ్యవర్తి ఒక కొత్త తాళపుచెవిని తయారుచేసి, "క"కు మాత్రమే అర్థమయ్యే గూఢలిపిలో పంపుతుంది. అందులో "క" పంపిన సంఖ్య కూడా ఉంటుంది కనుక, ఈ జవాబు ఎప్పుడో పాతది కాదని "క"కు తెలుస్తుంది. దానితోపాటు "చ"కు మాత్రమే విప్పగలిగిన ఒక సీలువేసిన పొట్లం ఉంటుంది. కొత్త తాళపుచెవి, "క" పేరు ఆ పొట్లంలో ఉంటాయి.

మూడవ అంచెలో "క" ఆ పొట్లాన్ని విప్పకుండా, విప్పలేక కూడా, "చ"కు అందజేస్తుంది.

నాలుగవ అంచెలో "చ" దానిని విప్పి, తానూ ఒక సంఖ్యను ఎంచుకొని, కొత్త తాళపుచెవితో గూఢలిపిలోకి మార్చి "క"కు సవాలుగా పంపుతుంది.

ఐదవ అంచెలో "క" ఆ సంఖ్యలోనుండి ఒకటి తీసివేసి, అదే తాళపుచెవితో తిరిగి పంపుతుంది. తాళపుచెవి తెలియనివాడు ఈ లెక్క చేయలేడు కనుక ఎదుటనున్నది నిజమైన "క"యేనని "చ" తృప్తి పడుతుంది.

అదే పత్రంలో బహిరంగ తాళపుచెవుల పద్ధతిలో పనిచేసే మరొక ప్రోటోకాల్‌ను కూడా రచయితలు వివరించారు. ప్రతి యంత్రానికీ అందరికీ తెలిసిన ఒక తాళపుచెవి, తనకు మాత్రమే తెలిసిన మరొకటి ఉండే ఈ గూఢలిపి పద్ధతి అప్పటికి లోకానికి వెల్లడై రెండేళ్ళే అయింది.

ఇటువంటి ప్రోటోకాళ్ళలో అతి సూక్ష్మమైన తప్పులు దొర్లే అవకాశం ఉందనీ, మామూలు వాడకంలో అవి బయటపడవనీ రచయితలిద్దరూ పత్రం ముగింపులో హెచ్చరించారు. వాటి సరైనతనాన్ని నిరూపించే పద్ధతులు కావాలని కోరారు. ఈ హెచ్చరిక వారి సొంత ప్రోటోకాళ్ళ విషయంలోనే నిజమైంది.

బయటపడిన లోపాలు

1981లో డొరొతీ డెనింగ్, జొవాన్ని సాకో మొదటి ప్రోటోకాల్‌లోని ఒక లోపాన్ని ఎత్తిచూపారు. "క"కు మధ్యవర్తి పంపిన సందేశం కొత్తదని నిర్ధారించుకొనే మార్గం ఉంది, కానీ సీలువేసిన పొట్లం అందుకున్న "చ"కు అది నేటిదో ఏడాది క్రితందో తెలుసుకొనే మార్గం లేదు. ఒక పాత తాళపుచెవి ఎప్పుడో దొంగచేతిలో పడి ఉంటే, వాడు ఆనాటి పొట్లాన్నే తిరిగి పంపి "క"గా నటించవచ్చు. పొట్లంలో తేదీ, సమయం కూడా రాయాలని వారు సూచించారు. నీడమ్, ష్రోడర్ 1987లో సమయంపై ఆధారపడని మరో సవరణను తామే ప్రచురించారు.

రెండవ లోపం ఇంకా సూక్ష్మమైనది. బహిరంగ తాళపుచెవుల ప్రోటోకాల్‌ను 17 ఏళ్ళ పాటు ఎందరో చదివారు, బోధించారు, సరైనదేనని భావించారు. 1995లో గావిన్ లో అనే పరిశోధకుడు అందులో ఒక దాడి మార్గం కనుగొన్నాడు. "క" తెలిసో తెలియకో ఒక మోసకారి యంత్రంతో సంభాషణ మొదలుపెడితే, ఆ మోసకారి అవే సందేశాలను అటూ ఇటూ చేరవేసి, "చ" దగ్గర తానే "క"నని నమ్మించగలదు. గూఢలిపిని ఛేదించవలసిన అవసరం కూడా దానికి లేదు. దీనికి విరుగుడు ఒకే ఒక్క మాట. "చ" ఇచ్చే జవాబులో తన పేరు కూడా చేర్చాలి. అప్పుడు "క" తాను మాట్లాడుతున్న యంత్రం, జవాబిచ్చిన యంత్రం వేరని గ్రహించి ఆగిపోతుంది. ఆ మరుసటి సంవత్సరం లో కంప్యూటరు ప్రోగ్రాము సాయంతో ఈ దాడిని వెదకిపట్టి, సవరించిన రూపంలో అటువంటి దాడి కనబడదని చూపాడు. ప్రోటోకాళ్ళను మనుషులు కంటితో చదివి సరే అనుకోవడం చాలదని, వాటిని యంత్రంతో పరీక్షించాలని దీనివల్ల అందరికీ తెలిసివచ్చింది.

నమ్మకానికి తర్కశాస్త్రం

లోపాలు ఎందుకు దొర్లుతున్నాయో తెలుసుకోవడానికి నీడమ్ స్వయంగా పూనుకున్నాడు. మైకేల్ బరోస్, మార్టిన్ అబాడీలతో కలిసి 1989లో ప్రచురించిన తర్క పద్ధతికి ముగ్గురి పేర్లలోని తొలి అక్షరాలతో బాన్ తర్కం అన్న పేరు వచ్చింది. ఒక యంత్రం ఒక సందేశాన్ని అందుకొన్న తరువాత దేనిని నమ్మవచ్చు, ఆ నమ్మకం దేనిపై ఆధారపడింది, ఆ సందేశం తాజాదని ఎలా తెలుసు అన్న విషయాలను గణిత సూత్రాల వలె రాసి, అంచెలంచెలుగా తేల్చడం ఈ తర్కంలోని విశేషం. దీనితో పరిశీలించినపుడు, అప్పటికి అంతర్జాతీయ ప్రమాణంగా ముసాయిదాలో ఉన్న ఒక ప్రోటోకాల్‌లోనూ లోపం బయటపడింది. అన్ని రకాల దాడులనూ ఈ తర్కం పట్టుకోలేదు. పైన చెప్పిన లో దాడి దీనికి అందలేదు. అయినా ప్రోటోకాళ్ళను శాస్త్రీయంగా విశ్లేషించే పరిశోధనా రంగానికి ఇది నాంది పలికింది.

1994లో అబాడీతో కలిసి రాసిన మరొక పత్రంలో ప్రోటోకాళ్ళు రూపొందించేవారికి కొన్ని వ్యావహారిక సూత్రాలు ఇచ్చాడు. ప్రతి సందేశం తన అర్థాన్ని తానే పూర్తిగా చెప్పాలి, ఎవరి గుర్తింపు ముఖ్యమో వారి పేరు సందేశంలో స్పష్టంగా ఉండాలి అన్నవి వాటిలో ముఖ్యమైనవి. 1978 నాటి తన ప్రోటోకాల్‌లో లోపించినది సరిగ్గా ఈ రెండవ సూత్రమేనని మరుసటి సంవత్సరం లో కనుగొన్న దాడితో రుజువైంది. 1995లో రాస్ ఆండర్సన్‌తో కలిసి రాసిన వ్యాసంలో నెట్‌వర్కును సైతాను చేతిలో ఉన్న కంప్యూటరుతో పోల్చాడు. ఎప్పుడు ఎక్కడ తప్పు జరిగితే అత్యంత నష్టమో అప్పుడు అక్కడే తప్పు జరిగేలా చూసే శత్రువు ఉన్నాడని భావించి రూపకల్పన చేయాలన్నది ఆ వ్యాస సారాంశం.

చిన్న పరికరాలకు గూఢలిపి

1994లో నీడమ్, డేవిడ్ వీలర్ కలిసి టీ అనే పొట్టి పేరుతో పిలువబడే అతి చిన్న గూఢలిపి పద్ధతిని ప్రకటించారు. 64 బిట్ల సమాచార ఖండాన్ని 128 బిట్ల తాళపుచెవితో మార్చే ఈ పద్ధతి మొత్తం కొద్ది పంక్తుల ప్రోగ్రాములో ఇమిడిపోతుంది. దీనికి వారు పేటెంటు తీసుకోలేదు. జ్ఞాపకశక్తి తక్కువగా ఉన్న చిన్న పరికరాలలో వాడుకోవడానికి వీలైనది కావడంతో బహుళ ప్రచారం పొందింది.

దీనిలోనూ బలహీనతలు కనబడ్డాయి. ఒక్కొక్క తాళపుచెవికి సమానంగా పనిచేసే మరి మూడు తాళపుచెవులు ఉన్నాయని పరిశోధకులు చూపారు. 1997, 1998లలో వీలర్, నీడమ్ సవరించిన రూపాలను వెలువరించారు. గూఢలిపిగా పెద్ద ప్రమాదం కాని ఈ బలహీనత, దానిని సమాచారపు వేలిముద్ర తీయడానికి వాడినపుడు ప్రమాదకరమైంది. మైక్రోసాఫ్ట్ 2001లో విడుదల చేసిన మొదటి ఎక్స్‌బాక్స్ ఆటల యంత్రంలో టీని ఇలా వాడినందువలన, అనుమతి లేని ప్రోగ్రాములను ఆ యంత్రం అసలైనవిగా నమ్మేలా చేయగలిగారు. ఒక సాధనం ఒక పనికి పనికివస్తే అన్ని పనులకూ పనికిరాదనడానికి విద్యార్థులకు దీనిని ఉదాహరణగా చెబుతారు.

ప్రయోగశాల అధిపతి

1980లో విల్క్స్ పదవీ విరమణ చేయగా నీడమ్ కంప్యూటరు ప్రయోగశాలకు అధిపతి అయ్యాడు. 1981లో ప్రొఫెసరు పదవి లభించింది. 1995 వరకు, పదిహేనేళ్ళ పాటు ప్రయోగశాలను నడిపాడు. 1996 నుండి 1998 వరకు విశ్వవిద్యాలయానికి సహ ఉపకులపతిగా పనిచేశాడు. తన ప్రాంతపు స్థానిక పాలకమండలిలో సభ్యుడిగానూ సేవ చేశాడు.

1997లో మైక్రోసాఫ్ట్ సంస్థ కేంబ్రిడ్జిలో పరిశోధనా కేంద్రం ప్రారంభించినపుడు 62 ఏళ్ళ వయసులో దానికి సంచాలకుడయ్యాడు. పరిశోధకులు తమ ఫలితాలను స్వేచ్ఛగా ప్రచురించుకొనే వాతావరణాన్ని అక్కడ నెలకొల్పాడు.

కెర్బెరాస్ - సైబరాబాదు

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1983లో మొదలైన ఎథీనా అనే ప్రాజెక్టులో విద్యార్థుల కంప్యూటర్లన్నిటికీ ఉమ్మడి ధ్రువీకరణ వ్యవస్థ అవసరమైంది. నీడమ్-ష్రోడర్ ప్రోటోకాల్‌కు డెనింగ్, సాకో సూచించిన సమయముద్రను చేర్చి వారు కెర్బెరాస్ వ్యవస్థను తయారుచేశారు. గ్రీకు పురాణాలలో పాతాళ ద్వారాన్ని కాపలా కాసే మూడు తలల కుక్క పేరు అది. మధ్యవర్తి ఇచ్చే సీలువేసిన పొట్లాన్ని ఇందులో టికెట్టు అంటారు. టికెట్టుకు కాలపరిమితి ఉంటుంది. యంత్రాల గడియారాల మధ్య తేడా ఒక హద్దును మించితే టికెట్టు చెల్లదు. సాధారణంగా ఈ హద్దు 5 నిమిషాలు.

2000 ఫిబ్రవరిలో విడుదలైన విండోస్ 2000తో మైక్రోసాఫ్ట్ తన కార్యాలయ నెట్‌వర్కులలో కెర్బెరాస్‌ను ప్రధాన ధ్రువీకరణ పద్ధతిగా చేసింది. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పరిశ్రమ వేళ్ళూనుకుంది. మైక్రోసాఫ్ట్ 1998లో హైదరాబాదులో తన భారత అభివృద్ధి కేంద్రాన్ని ప్రారంభించింది. అదే సంవత్సరం నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించాడు. గచ్చిబౌలిలో అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ స్థాపించబడినది కూడా 1998లోనే. తరువాతి రెండు దశాబ్దాలలో ఈ ప్రాంతమంతా సైబరాబాదుగా పేరొందింది.

ఈ ప్రాంతపు కార్యాలయాలలో ఒక ఉద్యోగి కంపెనీ నెట్‌వర్కులో చేరిన విండోస్ కంప్యూటరు ముందు కూర్చొని సంకేతపదం ఇచ్చినపుడు, ఆ కంప్యూటరు మధ్యవర్తి సర్వరు నుండి టికెట్టు తెచ్చుకుంటుంది. ఆ తరువాత దస్త్రాల సర్వరు, ముద్రణ సర్వరు, అంతర్గత వెబ్‌సైట్లు అన్నీ ఆ టికెట్ల ఆధారంగానే అతడిని గుర్తిస్తాయి. సంకేతపదం నెట్‌వర్కుపై ప్రయాణించదు. కంప్యూటరు గడియారం బాగా వెనుకబడితే ఉన్నట్టుండి ప్రవేశం నిరాకరించబడుతుంది. చాలామంది ఉద్యోగులకు అంతుపట్టని ఈ ఇబ్బంది 1981లో కనుగొన్న లోపానికి చేసిన సవరణ నుండి వచ్చినదే.

తెలివైన పరికరాలకు విస్తరణ

1990ల చివరికి కంప్యూటర్లు బల్లలపైనే కాక గోడలలో, వాహనాలలో, వైద్య పరికరాలలో ఇమిడిపోవడం మొదలైంది. ఇక్కడ నీడమ్ పద్ధతికి ఒక పరిమితి ఉంది. ఎల్లవేళలా అందుబాటులో ఉండే మధ్యవర్తి సర్వరు ఈ పరికరాలకు ఉండకపోవచ్చు. బ్యాటరీ శక్తి కూడా తక్కువ.

ఈ సమస్యపై ప్రసిద్ధమైన తొలి సమాధానం కూడా కేంబ్రిడ్జి నుండే వచ్చింది. నీడమ్ పర్యవేక్షణలో డాక్టరేటు పొందిన రాస్ ఆండర్సన్, ఫ్రాంక్ స్టజానోతో కలిసి 1999లో ఒక నమూనాను ప్రతిపాదించాడు. గుడ్డు నుండి బయటికి వచ్చిన బాతుపిల్ల మొదట కదలుతూ కనబడినదానినే తల్లిగా భావించి వెంట నడుస్తుంది. అలాగే కొత్త పరికరం తనకు మొదట తాళపుచెవి ఇచ్చిన యంత్రాన్నే యజమానిగా గుర్తించాలి, ఆ యజమాని విడుదల చేసేవరకు మరెవరి మాటా వినకూడదు అన్నది వారి సూత్రం. తాళపుచెవిని గాలిలో రేడియో తరంగాలతో కాక నేరుగా తాకించి ఇవ్వడం మేలని వారు సూచించారు. ఆసుపత్రిలో రోగి ఉష్ణోగ్రతను వైద్యుని చేతిలోని పరికరానికి పంపే ఉష్ణమాపకాన్ని ఉదాహరణగా తీసుకున్నారు. ఆ ఉష్ణమాపకం పక్క రోగి వివరాలు పంపినా, దాని సందేశాన్ని మధ్యలో ఎవరైనా మార్చినా ప్రాణానికే ముప్పు. పరికరాన్ని పదేపదే పలకరించి నిద్రపోనీయక బ్యాటరీని హరించే దాడి గురించి కూడా వారు హెచ్చరించారు.

హైదరాబాదులోనూ ఈ రంగంలో కృషి జరిగింది. సి-డాక్ సంస్థ హైదరాబాదు కేంద్రం సర్వవ్యాపి కంప్యూటింగుపై పరిశోధనలు చేపట్టింది. గచ్చిబౌలిలోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ ప్రాంగణంలో గాలి, నీరు, విద్యుత్తు వంటి వాటిని కొలిచే సంవేదకాలతో స్మార్ట్ సిటీ ప్రయోగశాల ఏర్పడింది. ఒక సంవేదకం పంపిన అంకె నిజంగా ఆ సంవేదకం నుండే, ఇప్పుడే వచ్చిందా అన్న ప్రశ్న ఇటువంటి ప్రతి వ్యవస్థలోనూ ఎదురవుతుంది. 1978లో నీడమ్, ష్రోడర్ తమ ముందుంచుకొన్న ప్రశ్న కూడా ఇదే.

గౌరవాలు

నీడమ్ 1985లో రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నికయ్యాడు. 1993లో బ్రిటన్ రాయల్ ఇంజనీరింగు అకాడమీ సభ్యత్వం లభించింది. 2001లో బ్రిటిషు ప్రభుత్వం సి.బి.ఇ. బిరుదుతో గౌరవించింది.

మరణం, స్మృతి

నీడమ్ క్యాన్సర్ వ్యాధికి గురయ్యాడు. 2003 ఫిబ్రవరిలో, కేంబ్రిడ్జిలో 50 ఏళ్ళు, మైక్రోసాఫ్ట్‌లో 5 ఏళ్ళు గడిపిన సందర్భాన్ని పురస్కరించుకొని సహచరులు, పూర్వ విద్యార్థులు అతడి గౌరవార్థం సభ జరిపారు. ఆ తరువాత కొద్ది రోజులకే, 2003 మార్చి 1న, 68 ఏళ్ళ వయసులో మరణించాడు. పరిశోధనా కేంద్రపు సంచాలకుడిగా ఆండ్రూ హెర్బర్ట్ బాధ్యతలు చేపట్టాడు. ఆ సభకోసం పలువురు శాస్త్రవేత్తలు రాసిన వ్యాసాలను హెర్బర్ట్, కరెన్ స్పార్క్ జోన్స్ సంపాదకులుగా 2004లో గ్రంథరూపంలో ప్రచురించారు.

బ్రిటిష్ కంప్యూటర్ సొసైటీ 2004 నుండి రోజర్ నీడమ్ పేరిట యువ పరిశోధకులకు పురస్కారం ఇస్తోంది. కంప్యూటరు వ్యవస్థలపై ఉత్తమ డాక్టరేటు పరిశోధనకు యూరోసిస్ సంఘం ఇచ్చే బహుమతికి కూడా అతడి పేరే పెట్టారు. ప్రోటోకాళ్ళను కంప్యూటరుతో పరీక్షించే కొత్త పద్ధతిని ఎవరు రూపొందించినా, దానిని ముందుగా నీడమ్-ష్రోడర్ ప్రోటోకాల్‌పై ప్రయోగించి, లో కనుగొన్న లోపాన్ని అది పట్టుకోగలదో లేదో చూడడం ఆ రంగంలో ఆనవాయితీ అయింది.